బుగ్గ

ఉబ్బు, పొంగు, ఉబుకు అను మూడును పర్యాయపదములని బడులలో చెప్పుదురు. వాడుక అట్లు చెప్పదు. వానకు నానిన తలుపు ఉబ్బును గాని పొంగదు. పాలు పొంగును గాని ఉబ్బవు. కన్నీరు ఉబుకును. ఉబ్బినది ఉన్నచోటనే పెరుగును. పొంగినది అంచు దాటును. ఉబికినది లోపలినుండి త్రోవ చేసికొని వచ్చును.

ఈ భావములు చాలవఱకు 'బుగ్గ' యను నొక్క మాటలో చేరినవి. గాలి పూరింప ఉబ్బెడి చెక్కిలి బుగ్గ, నీటిమీది బుడగ బుగ్గ, నేలనుండి ఉబుకు ఊట బుగ్గ. కన్నడమునను బుగ్గె యనగా ఊటయే. తెలంగాణమున పిల్లలూదెడి రబ్బరు తిత్తియు, విద్యుద్దీపపు గాజుగుండును బుగ్గలే. ఇది మోటుమాట యని నవ్వు పండితులు 'బల్బు' అనుటకు మాత్రము సంకోచింపరు! మాకు బుగ్గయే ఇంపుగ నున్నది.

స్థలనామములలో ఈ మాటకు బరువెక్కువ. తాడిపత్రిలో పెన్న యొడ్డున విజయనగరరాజుల కాలమున వెలసిన రామలింగేశ్వరాలయమును బుగ్గ రామలింగేశ్వరాలయ మనుట లింగముకడ ఊరెడి నీటివలననే. కడప నగరము నడుమ బాఱి పెన్నలో గలియు బుగ్గవంక పేరునందును ఊట యున్నది. వేసవిని సన్నగిల్లు ఆ వంకను మనవారు మురుగుకాలువగా నెంచి, గట్టుల నాక్రమించి యిండ్లు కట్టిరి. 2001లో అది పొంగి నగరమును ముంచెను, ప్రాణములు పోయెను. పిమ్మట ఇరుప్రక్కల గోడలు లేపిరి. 2020 నవంబరులో నివర్ తుపానునాడు వంక మరల వీధులలోనికి వచ్చెను.