ఊరు వేరు, తాళంచెవి ఒకటే: ఒక సోవియట్ కామెడీ వెనకున్న ఇళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక కామెడీ సినిమా గురించి, దాని వెనకున్న చరిత్ర గురించి చెప్పుకుందాం.

సినిమా పేరు 'ది ఐరనీ ఆఫ్ ఫేట్'. దర్శకుడు ఎల్డార్ రియాజనోవ్. ఆయనా, ఎమిల్ బ్రాగిన్‌స్కీ కలిసి ముందు దీన్ని నాటకంగా రాశారు. తర్వాత టీవీ కోసం రెండు భాగాలుగా, దాదాపు 3 గంటల సినిమా తీశారు. 1976 జనవరి 1న సోవియట్ టీవీలో వచ్చింది.

కథేంటంటే, మాస్కోలో జెన్యా అనే డాక్టర్ డిసెంబర్ 31న ఫ్రెండ్స్‌తో ఫుల్లుగా తాగుతాడు. వాళ్లు పొరపాటున ఇతన్ని లెనిన్‌గ్రాడ్ విమానం ఎక్కించేస్తారు. దిగాక మాస్కోలోనే ఉన్నాననుకుని టాక్సీవాడికి తన ఇంటి అడ్రస్ చెప్తాడు. అక్కడా అదే పేరుతో వీధి ఉంది, అదే నంబర్ బిల్డింగ్ ఉంది. తాళంచెవి కూడా పట్టేస్తుంది! లోపలికెళ్లి పడుకుంటాడు. కాసేపటికి ఆ ఇంటావిడ నాద్యా వస్తుంది. ఇక చూస్కోండి గొడవ.

ఇదెలా నమ్ముతారు అంటారా? ఇక్కడే చరిత్ర ఉంది. అప్పట్లో నగరాల్లో చాలా కుటుంబాలు ఒక్కో గదిలో ఉండేవి. వంటగది, బాత్రూం అందరికీ కలిపి ఒకటే. ఇళ్లు త్వరగా, చవగ్గా కావాలి. అందుకే 1955లో కట్టడాల్లో హంగులు తగ్గించమని ప్రభుత్వం ఆర్డరేసింది. గోడలు ఫ్యాక్టరీలో పోతపోసి, తెచ్చి బిగించడమే. మన భాషలో చెప్పాలంటే, ఒకే కోడ్‌ని దేశమంతా కాపీ పేస్ట్ చేశారు.

సినిమా మొదట్లో ఒక కార్టూన్ వస్తుంది. ఆర్కిటెక్ట్ అందమైన ఇల్లు గీస్తే, ఆఫీసర్లు ఒక్కో హంగూ కొట్టేస్తూ చివరికి డబ్బాలా మిగులుస్తారు. ఇంకో విశేషం, రెండు ఊళ్ల బిల్డింగులూ మాస్కోలోనే షూట్ చేశారు! అంటే జోక్ నిజమేనని సినిమానే రుజువు చేసింది.

సర్కారు టీవీలోనే సర్కారు ఇళ్ల మీద ఇంత వెటకారం. అయినా జనం ఏళ్ల తరబడి ప్రతి కొత్త సంవత్సరానికీ చూస్తూనే ఉన్నారు. నాకర్థమైంది ఏంటంటే, ఒక గదిలో ఇరుక్కుని బతికినవాళ్లకి ఆ డబ్బా ఇల్లే మొదటిసారి సొంతంగా మూసుకోగలిగిన తలుపు. నవ్వుకున్నా, దాని విలువ వాళ్లకి తెలుసు.

మరి మీ వీధిలో ఇళ్లు ఎలా ఉన్నాయి? కామెంట్లో చెప్పండి. ఉంటానండి.