కెలోరీమీటరు (కణ భౌతిక శాస్త్రము)

కణ భౌతిక శాస్త్రములో కెలోరీమీటరు అనగా ఒక కణమును పూర్తిగా తనలో ఆపివేసి, దాని శక్తిని కొలిచే శోధకము. పేరు ఉష్ణమాపకముదే అయినను నేటి పరికరములలో కొలిచేది వేడిని కాదు. జెనీవా వద్ద గల లార్జ్ హేడ్రాన్ కొలైడరులో 2022లో ఒక్కొక్క ప్రోటానుకు కలిగించిన శక్తి 6.8 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఇది ఒక జౌలులో సుమారు పది లక్షలవ వంతు మాత్రమే. ఒక గ్రాము నీటిని గుర్తించదగినంతగా వెచ్చబరచుటకైనను ఇది చాలదు.

చరిత్ర

వేడినే కొలిచిన ప్రసిద్ధ ప్రయోగము ఒకటి ఉన్నది. బీటా కిరణములలోని ఎలక్ట్రానులు అన్నియు ఒకే శక్తితో వెలువడవని 1914లో జేమ్స్ చాడ్విక్ కనుగొనెను. అవి పదార్థములోనే కొంత శక్తిని పోగొట్టుకొనుచున్నవని కొందరు తలచిరి. అదే నిజమైనచో ఆ శక్తి అంతయు వేడిగా బయటపడవలెను. 1927లో కేంబ్రిడ్జిలో ఎల్లిస్, వూస్టర్ రేడియం-ఇ అను పదార్థమును కెలోరీమీటరులో ఉంచి చూడగా, ఒక్కొక్క విచ్ఛిత్తికి సుమారు మూడున్నర లక్షల ఎలక్ట్రాన్ వోల్టులే లభించెను. గరిష్ఠ శక్తి పదిన్నర లక్షలు. మిగిలినది ఏమైనది? శక్తి నిత్యత్వ నియమమునే శంకించవలసి వచ్చినది. కంటికి చిక్కని మరొక కణము దానిని తీసికొనిపోవుచున్నదని 1930లో పౌలీ సూచించెను. అదియే న్యూట్రినో.

ఈ చాడ్విక్ వద్దనే లివర్‌పూల్‌లో స్వామి జ్ఞానానంద (పూర్వాశ్రమములో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు) బీటా కిరణ వర్ణపటములపై పరిశోధన చేసెను. అనంతరము 1950వ దశకములో విశాఖపట్నములోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతిక శాస్త్ర శాఖను నెలకొల్పెను. ఆయన ఉపయోగించినది అయస్కాంత పద్ధతి. అందు కణపు మార్గము ఎంత వంగినదో చూచి ద్రవ్యవేగమును లెక్కింతురు. వేగవంతమైన కణము తక్కువగా వంగును గనుక శక్తి పెరిగిన కొలది ఈ కొలతలో దోషము పెరుగును. కెలోరీమీటరులో దోషపు శాతము తగ్గును; దాని ముఖ్య ప్రయోజనము ఇదే.

పనిచేయు విధానము

శక్తిమంతమైన ఎలక్ట్రాను సీసము వంటి బరువైన పదార్థములో ప్రవేశించి గామా కిరణమును వెలువరించును. గామా కిరణము ఎలక్ట్రాను, పాజిట్రానుల జంటగా మారును. ఈ విధముగా సీసములో ప్రతి అర సెంటీమీటరుకు కణముల సంఖ్య ఇంచుమించు రెట్టింపగును. పది దశలలో ఒకటి వెయ్యి అగును. ఈ కణముల జల్లు స్ఫటికములో పుట్టించు మొత్తము వెలుగు, తొలి కణపు శక్తికి అనులోమానుపాతములో ఉండును.

తక్కువ శక్తుల వద్ద జల్లు ఏర్పడదు గాని సూత్రము ఇదే. శ్రీకాకుళము తీరపు ఇసుకలో మోనజైటు అను థోరియం ఖనిజము కలదు. థోరియం వంశములోని థాలియం-208 వెలువరించు గామా కిరణపు శక్తి 26.14 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. సోడియం అయొడైడు స్ఫటికము ఎదుట ఈ ఇసుకను ఉంచినచో, పూర్తిగా ఆగిన కిరణములు ఆ విలువ వద్ద ఒక శిఖరమును చూపును. కొంత శక్తి స్ఫటికమును దాటి పోయినచో కొలత ఆ మేరకు తగ్గును.

పెద్ద పరికరములలోను ఈ చిక్కు తప్పదు. సి.ఎం.ఎస్. శోధకములో ఎలక్ట్రానులకు, గామా కిరణములకు 75,848 సీసపు టంగ్‌స్టేట్ స్ఫటికములు అమర్చిరి. ప్రోటానుల వంటి హేడ్రానుల జల్లు మరింత లోతుకు పోవును గనుక వాటికి ఇత్తడి పలకల పొరలు వేరుగా ఉన్నవి. వానిని కూడా దాటిన శక్తిని పట్టుటకు అయస్కాంతమునకు వెలుపల మరొక పొర ఉంచిరి. దీని నిర్మాణములో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ ప్రధాన పాత్ర వహించినది.