హాజీ అలీ 'హై జాలీ' అయిన వైనం

అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు. అక్కడి శ్మశానంలో రాళ్లతో కట్టిన పిరమిడ్, దాని కొసన లోహపు ఒంటె బొమ్మ. కింద పడుకున్నవాడి పేరు 'హై జాలీ'. ఇదేం పేరు? హాజీ అలీ అనడానికి అమెరికా సిపాయిలకు నోరు తిరగలేదు. తిప్పుకోవాల్సిన అవసరమూ వాళ్లకు కనిపించలేదు. మస్తాన్‌వలీనీ ఖాదర్‌బాషానీ ఒకే గాటన కట్టి 'ఏయ్ సాయిబూ' అని పిలిచే ఊళ్లలో పెరిగినవాళ్లం, మాకిది వింతగా తోచదు.

అసలు అమెరికాలో ఒంటెలకేం పని? 1848లో మెక్సికోతో యుద్ధం ముగిసేసరికి నీటిచుక్క దొరకని నేల బోలెడంత అమెరికా చేతికొచ్చింది. అక్కడి కోటలకు సరుకు చేరేయాలి. యుద్ధమంత్రి జెఫర్సన్ డేవిస్ పట్టుబట్టగా 1855లో కాంగ్రెసు 30 వేల డాలర్లిచ్చింది. మేజర్ హెన్రీ వేన్, నౌకాదళం లెఫ్టినెంట్ డేవిడ్ పోర్టర్ 'సప్లయ్' అనే ఓడేసుకుని ట్యునిస్, ఈజిప్టు, టర్కీ తిరిగారు. 1856 మే నెలలో టెక్సాస్‌లోని ఇండియనోలా దగ్గర 34 ఒంటెలు దిగాయి. మరుసటేడు ఇంకో 41.

జనం నవ్వారు. వేన్ ఒక ఒంటెను మోకాళ్ల మీద కూచోబెట్టి నాలుగు గడ్డిమోపులు ఎక్కించాడు. 1,200 పౌండ్లకు పైమాటే. ఒంటె లేచి నడిచింది. నవ్వులు ఆగిపోయాయి.

అయితే జంతువును కొన్నంత సుళువుగా విద్యను కొనలేరుగదా! బరువు కట్టే తీరు, ఒంటె మనసెరిగి మసలే ఒడుపు తరాలుగా చేతికబ్బినవాళ్లకే తెలుసు. అందుకే ఒట్టోమన్ రాజ్యం నుంచి మనుషుల్నీ తెచ్చుకున్నారు. అందరూ ముస్లింలే కారు. యోర్గోస్ కరలాంబో అనే క్రైస్తవుడు 'గ్రీకు జార్జి' అయ్యాడు. పేరు పోగొట్టుకోవడంలో మతభేదం లేదన్నమాట.

1857లో ఎడ్వర్డ్ బీల్ పాతిక ఒంటెలతో ఫోర్ట్ డిఫయెన్స్ నుంచి కొలరాడో నదిదాకా బండిబాట వేశాడు. హాజీ అలీ వెంట ఉన్నాడు. ఒంటెలు ఎడారిని అవలీలగా దాటాయి. బీల్ తెగ మెచ్చుకున్నాడు. కానీ ఫోర్ట్ డిఫయెన్స్ నవాహోల నేలమీద కట్టిన కోట. ఆ బాట ఎవరి నేలను ఎవరికి కట్టబెట్టిందో మరిచిపోయి, మావాడు గనక హాజీ అలీని వీరుణ్ణి చేయడం మాకిష్టం లేదు.

1861లో అంతర్యుద్ధం వచ్చింది. డేవిస్ దక్షిణాది తిరుగుబాటు ప్రభుత్వానికి అధ్యక్షుడయ్యాడు. ఒంటెలు అనాథలయ్యాయి. ఒంటె వాసనకు గుర్రాలూ కంచరగాడిదలూ బెదిరేవి, వాటిని తోలేవాళ్లు మండిపడేవాళ్లు. 1864లో కాలిఫోర్నియాలో, 1866లో టెక్సాస్‌లో మిగిలినవాటిని అమ్మేశారు. కొన్ని సర్కసులకు, కొన్ని గనులకు, కొన్ని ఎడారిపాలు.

హాజీ అలీ అక్కడే ఉండిపోయాడు. సైన్యానికి బరువులు మోయించాడు, దారులు చూపాడు, బంగారం వెతికాడు. 1880లో పౌరసత్వం తీసుకున్నప్పుడు కాగితాల మీద రాయించుకున్నది ఫిలిప్ టెడ్రో అని. పెళ్లి చేసుకున్నది టక్సన్ ఊళ్లో, గెర్ట్రూడ్ సెర్నాను. అది పుట్టినప్పటి పేరేనంటారు, హజ్ చేశాకే హాజీ అలీ అయ్యాడంటారు. ఏ పేరుతో నమాజుకు నిలబడ్డాడో, అసలు నిలబడ్డాడో లేదో, ఏ కాగితమూ చెప్పదు.

1902లో చనిపోయాడు. 1935లో అరిజోనా రహదారుల శాఖ ఆ గోరీ కట్టింది. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వానికి నమ్మకంగా తోడ్పడ్డాడని ఫలకం మీద చెక్కించింది. నమ్మకస్తుడన్న సర్టిఫికెట్ అక్కడా తప్పలేదు. సిరియాలో పుట్టాడని రాసినవాళ్లే, అతని నెత్తిన ఈజిప్టు పిరమిడ్ పెట్టారు.