డిపో చీటీ నుంచి బతాకా దాకా

సీతారామపురం నుంచి బయటి లోకానికి రెండు దారులున్నాయి. ఒకటి వెలిగొండలు దాటి పోరుమామిళ్ళ, బద్వేలు వైపు, అంటే కడప సీమలోకి పోతుంది. రెండోది ఉదయగిరి మీదుగా నెల్లూరుకు, అక్కణ్ణించి చెన్నపట్నానికి. ఈ మెట్ట మండలాలకు కువైటు కబురు మొదటి దారిలో వచ్చింది. ప్రయాణం మాత్రం ఎక్కువగా రెండో దారిలోనే సాగింది. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గం గెలిచిన సంగతి బడిపిల్లలక్కూడా తెలుసు. ఆ కొండ చుట్టుపక్కల ఊళ్ళ జనం పొట్ట చేతపట్టుకుని ఎటు పోయారో, పోయేముందు ఏం సర్దుకున్నారో చెప్పే శాసనాలు మాత్రం లేవు. చీటీలు ఉన్నాయి. వాటి వెంట నడిస్తే ఒకటి తేలుతుంది: నూటయాభై ఏళ్ళలో వలసపోయేవాడి మూట అంతగా మారలేదు. మారిందల్లా కాగితం. అది ఎవరి చేతిలో ఉందన్న లెక్క కొన్నిచోట్ల మారింది, కొన్నిచోట్ల ఇప్పటికీ మారలేదు.

మొదటి కాలంలో సన్నాహమంతా తీసుకుపోయేవాడిదే. 1834లో మారిషస్ చెరకు తోటలకు గిర్మిటియా కూలీలను, అంటే ఒప్పందం మీద పోయే కూలీలను, పంపడం మొదలైంది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. 1903 నుంచి ఫిజీకి కూడా మద్రాసు నుంచే ఓడలు వెళ్ళాయి. ఆ ఓడలెక్కిన తెలుగువాళ్ళలో విశాఖపట్నం, ఉత్తరార్కాటు జిల్లాలవాళ్ళే ఎక్కువ. 1876–78 కరువు నెల్లూరు, కడప, కర్నూలు జిల్లాలను ఊడ్చేశాక మెట్ట రైతుకూ కూలికీ, ఓడెక్కించే ముందు కూలీలను ఉంచే మద్రాసు డిపో ఒక దిక్కయింది. మద్రాసు–బెజవాడ రైలు దారి పూర్తి కావడానికి 1899 దాకా పట్టింది. అంతకుముందు కాలినడకో, బండో, బకింగ్‌హాం కాలువలో పడవో.

డిపోలో జరిగే తతంగంలో మనిషి చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. నిలబడమంటే నిలబడాలి, నోరు తెరవమంటే తెరవాలి. వైద్యుడు ఒళ్ళు తడిమి చూసేవాడు, మశూచి టీకా వేసేవారు. చీటీ మీద పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు రాసేవారు. వలసల సంరక్షకుడనే అధికారి సంతకం చేసేవాడు. ప్రయాణానికి బట్టలు, దుప్పటి, రేకు పళ్ళెం, చెంబు ఇచ్చేవారు. అయిదేళ్ళ ఒప్పందం, నాటాల్‌లో మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం. ఇంత పకడ్బందీగా సిద్ధం చేసిన ప్రయాణం తర్వాత ఇంకోటి లేదనిపిస్తుంది. పోయేవాడికి తాను పోతున్న చోటు ఎక్కడుందో తెలియకపోవడం ఒక్కటే లోటు.

చీటీలో పేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా పడింది. దక్షిణాఫ్రికాలోని నాయుడు, రెడ్డి కుటుంబాలవాళ్ళు నేడు ముత్తాత ఊరు వెతుక్కోవాలంటే ఆ గుమాస్తా రాతే ఆధారం. తాలూకా పేరు ఒకటి, ఊరి పేరు ఇంకోటిగా వంకర్లు పోయి ఉంటాయి. ఇది పాత ముచ్చట అనుకోవద్దు. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టుకునే మన అలవాటు ఇవాళ్టికీ విమానాశ్రయాల్లో ఇబ్బంది పెడుతూనే ఉంది. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదనే ముద్ర పడుతుంది. 2022 నవంబరులో అరబ్ ఎమిరేట్స్ ఒంటి పేరు పాస్‌పోర్టుల మీద సందర్శక వీసాలు ఇవ్వడం మానేసింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా పేరున్నవాడు ముందు చేయాల్సిన పని పెట్టె కొనడం కాదు. పాస్‌పోర్టుకు పోయే ముందే ఆ మూడింటిలోనూ పేరును ఒకటి చేయించుకోవడం.

గిర్మిటియా పద్ధతి 1917లో ఆగింది. 1922 వలస చట్టం వచ్చింది. మలయా రబ్బరు తోటలకు కంగాణీలు, మేస్త్రీలు ఊళ్ళ మీద పడి మనుషులను పోగుచేసేవారు. మద్రాసు పక్కన ఆవడిలో మజిలీ, అక్కణ్ణించి ఓడ. 1938లో భారత ప్రభుత్వం ఆ దారీ మూసింది. బర్మాకు చీటీ చిక్కు లేకుండా డెక్కు టిక్కెట్టు మీద పోయినవాళ్ళు లక్షల్లో ఉన్నారు గానీ, అది ప్రధానంగా కాకినాడ, విశాఖ తీరాల కథ.

స్వతంత్రం వచ్చాక కాగితం సర్కారు దయ మీద ఆధారపడ్డ వస్తువయింది. పాస్‌పోర్టు ఇవ్వడమో మానడమో అధికారి ఇష్టంగా ఉండేది. విదేశం పోవడం పౌరుడి స్వేచ్ఛలో భాగమని 1967లో సుప్రీంకోర్టు చెప్పాక, ఆ ఏడాదే పాస్‌పోర్టు చట్టం చేశారు. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని సడలించడంతో డాక్టర్లు, ఇంజనీర్లు బయల్దేరారు. వాళ్ళ సన్నాహంలో పెద్ద అధ్యాయం రిజర్వు బ్యాంకు. ‘పీ ఫారం’ మీద అనుమతి ముద్ర పడితేగాని టిక్కెట్టు కొనడానికి లేదు. చేతిలో ఎనిమిది డాలర్లతో దిగామని ఆ తరంవాళ్ళు చెప్పుకునే మాట గొప్ప కోసం కాదు, అప్పటి విదేశీ మారకపు నిబంధన అంతే. ఇవాళ ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. ఎనిమిది డాలర్లవాడు ముందే ఉత్తరం రాసి, విమానాశ్రయానికి ఎవరొస్తారో, మొదటి నెల ఎవరింట్లో తలదాచుకోవాలో మాట తీసుకుని పోయేవాడు. డబ్బు లేని చోట తెలిసిన మనిషే సరంజామా. నెల్లూరు పట్నంలో, కావలిలో ఈ తరం కనబడుతుంది. ఉదయగిరికి పడమటగా వెతికితే చాలా పల్చన.

మా మెట్టకు దేశాంతరం అంటే అర్థమైంది 1973లో చమురు ధర ఎగబాకాక. కువైటులో భవనాలు లేస్తున్నాయి, ఇళ్ళల్లో పనివాళ్ళు కావాలి. కువైటుకు పోయినవాళ్ళలో కడప, గోదావరి జిల్లాల పేర్లు ముందు వినబడతాయి, నెల్లూరు పడమటి ఊళ్ళు కూడా ఆ వరుసలోవే. వియ్యంకుడో బావమరిదో బద్వేలు వైపు నుంచి ‘ఒక వీసా ఉంది’ అని కబురు పెట్టేవాడు. ఆ ఒక్క మాటతో ఇంట్లో సన్నాహం మొదలు.

మొదట అప్పు. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ, తాకట్టులో ఆడవాళ్ళ బంగారం, పొలం పాసుపుస్తకం. తర్వాత వైద్య పరీక్ష. గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రాలకే, అంటే చెన్నైకో హైదరాబాదుకో పోవాలి. ఛాతీ ఎక్స్‌రేలో పాత క్షయ మచ్చ కనబడ్డా ‘అన్‌ఫిట్’ అని కొట్టేస్తారు. అప్పు చేసి వీసా కొన్నాక ఈ పరీక్షకు పోయి మునిగినవాళ్ళున్నారు. డిపోలో వైద్య పరీక్ష ఖర్చు కూలీ మీద పడేది కాదు. ఇక్కడ ఫలితం ఏదైనా ఖర్చు మనదే. ముందు పరీక్ష, తర్వాత బేరం అనే చిన్న సంగతి ఊళ్ళకు చేరడానికి ఒక తరం పట్టింది.

ఆ పైన వీసా అంకె. కువైటులో ఇరవై నంబరు వీసా ఇంటిపనిది, పద్దెనిమిది నంబరు కంపెనీది, మనవాళ్ళ మాటలో ఖద్దామా, షూన్. ఇరవై మీద పోయినవాడు బయట దుకాణంలో పనిచేస్తూ పట్టుబడితే నేరం. కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, మారాలన్నా, ఇంటికి రావాలన్నా ఆ అంకెతోనే ముడి. ‘ఆజాద్ వీసా, ఎక్కడైనా పని చేసుకో’ అని ఏజెంటు అమ్మే సరుకు కువైటు చట్టంలో ఎక్కడా లేదు. చదవడం రానివాళ్ళు కూడా వీసా కాగితం మీద ఆ రెండంకెలు పోల్చుకోవడం నేర్చుకున్నారు. అచ్చయిన ఏ కరపత్రం కన్నా గట్టిగా పనిచేసిన విద్య అది.

చివరికి మూట. ఊరగాయ, కందిపొడి, చింతపండు, అమృతాంజనం, నాలుగు జతల బట్టలు. ముప్పై రోజుల్లో అరబ్బీ నేర్పే చిన్న పుస్తకం ఒకటి, చదివినా చదవకున్నా. ఈ మూటలో రెండు ప్రమాదాలు. కూరలో వేసుకునే గసగసాలు సౌదీలో, ఎమిరేట్స్‌లో మాదకద్రవ్యాల కింద లెక్క. మన మందుల షాపులో దొరికే కొన్ని నొప్పి బిళ్ళలు, దగ్గుమందులు కూడా డాక్టరు చీటీ లేకుంటే అక్కడ కేసే. రెండోది, ‘మా వాడికి ఇవ్వు’ అని పక్కింటివాళ్ళు కట్టిచ్చే పొట్లం. విప్పి చూడటం మర్యాద కాదనుకుని మోసుకుపోయి జైల్లో పడ్డ వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో మర్యాద వదిలేయాలని నా గట్టి అభిప్రాయం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైటులో దిగాయి. ఎయిరిండియా అమ్మాన్ నుంచి రెండు నెలల్లో 488 సర్వీసులు నడిపి లక్షకు పైగా మనవాళ్ళను తెచ్చింది. ఆ కథ సినిమాగా కూడా వచ్చింది. సినిమాలో లేని రెండో అంకం మన అంశానికి దగ్గరది. ఐక్యరాజ్య సమితి ఏర్పాటు చేసిన పరిహార సంఘం, యుద్ధం వల్ల దేశం విడిచిన ఒక్కో మనిషికి రెండున్నర వేల డాలర్లు, వేరే పద్దుల కింద ఏమీ అడగనివాళ్ళకు నాలుగు వేలు ఇచ్చింది. ఆ రోజుల్లో కువైటులో ఉన్నట్టు, అక్కణ్ణించి వెళ్ళిపోయినట్టు ఆధారం చూపాలి. పాస్‌పోర్టో, బతాకానో చొక్కా లోపల దాచుకుని ఎడారి దాటినవాడి అర్జీ సులువుగా నడిచింది. బతాకా అంటే అక్కడి పౌర గుర్తింపు కార్డు. పాస్‌పోర్టు కఫీలు బీరువాలో ఉండిపోయినవాళ్ళు తామెవరో రుజువు చేసుకోవడానికి తిరగాల్సి వచ్చింది. బయల్దేరే ముందు ప్రతి కాగితానికీ నకలు తీసి ఇంట్లో ఒకటి పెట్టి పోవడమనే ఆచారం గల్ఫ్ ఇళ్ళల్లో బలపడింది ఆ తర్వాతనే.

ఆడవాళ్ళ ప్రయాణం మాట వేరే. 1922 చట్టం స్థానంలో వచ్చిన 1983 వలస చట్టం కింద, పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమైన కోవలోకి వస్తుంది. కువైటుతో సహా పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే వాళ్ళకు వలసల సంరక్షకుడి అనుమతి కావాలి. అవును, గిర్మిటియా నాటి ఆ హోదాయే. ఇంటిపనికి పోయే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండి ఉండాలి. 2015 తర్వాత నియామకం ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా, మన రాష్ట్రంలో ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము ముప్పై వేల రూపాయలు, పైన జీఎస్టీ. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, ప్రమాదంలో పోతే పది లక్షలు. బయల్దేరే ముందు ఒకరోజు శిక్షణ కూడా 2018 నుంచి ఉంది.

కాపాడటానికి పెట్టిన ఈ నియమాలే అడ్డదారికి ధర పెంచాయి. వయసు పెంచి రాయించడం, సందర్శక వీసా మీద దుబాయ్‌కో మస్కట్‌కో పంపి అక్కణ్ణించి కువైటుకు దాటించడం, విమానాశ్రయంలో ‘సెట్టింగ్’ ఉందనడం, అన్నీ ఆ ధరలోవే. అలా పోయిన మనిషి ఈ-మైగ్రేట్‌లో లేదు, బీమాలో లేదు. కువైటు 2015లో ఇంటిపనివాళ్ళకంటూ చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని వద్దంది, వారానికో సెలవు ఇవ్వమంది, యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదంది. అయినా విమానం దిగగానే పాస్‌పోర్టు కఫీలు చేతికి పోవడం ఆగలేదు. 2018లోనూ 2020లోనూ కువైటు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అకామా, అంటే నివాస అనుమతి, లేనివాళ్ళ వరసల్లో ఆంధ్రప్రదేశ్ వాళ్ళు పెద్ద సంఖ్యలో నిలబడ్డారు. వాళ్ళు అడిగింది ఔట్‌పాస్, ఇంటికి చేర్చే ఒక్క కాగితం. 1860లో పోవడానికి చీటీ కావాల్సి వచ్చింది, ఇక్కడ రావడానికి.

ఈలోగా అమెరికా వైపు పోయే రెండో వరస ఇంకా పొడవుగా సాగింది. 1990లో అమెరికా హెచ్-1బి పని వీసా పెట్టింది. వై2కే నాటికి హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ కేంద్రాలే సన్నాహమయ్యాయి. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ తెరవడంతో మద్రాసు ప్రయాణం తప్పింది. జీఆర్ఈ, ఐ-20, డీఎస్-160, చిలుకూరు ప్రదక్షిణలు, ఇదంతా తెలిసిందే. దృష్టి పెట్టాల్సింది 2011 ట్రైవ్యాలీ, 2019 ఫార్మింగ్టన్ ఉదంతాల మీద. మొదటిది వీసాల దుకాణంగా నడిచిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. రెండోది అక్రమ వలసలను పట్టడానికి అమెరికా అధికారులే మిషిగన్‌లో కల్పించింది. రెండింటిలోనూ చిక్కుకున్న పిల్లల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. పెట్టె సర్దడంలో, పొడులు దంచించడంలో లోటు రానివ్వని తల్లిదండ్రులు, తరగతి గదే లేని విద్యాలయానికి రుసుము కట్టారు. అయితే ఫార్మింగ్టన్ పిల్లలను తప్పుపట్టే ముందు, సర్కారే వల పన్నితే అంతదూరాన ఉన్న ఊళ్ళో కూర్చుని ఎవరు కనిపెట్టగలరన్నది కూడా ఆలోచించాలి.

ఈ రెండు వరసలూ ఇప్పుడు ఒకే ఇంట్లో కలుస్తున్నాయి. తల్లి ఖద్దామా, కొడుకు ఇంజనీరింగ్ అయి అమెరికా చదువుకు ఐ-20 తెచ్చుకున్నవాడు. తల్లి పాస్‌పోర్టు మీద ఈసీఆర్, కొడుకుది ఆ బెడద లేనిది. విశ్వవిద్యాలయమూ బ్యాంకూ అడుగుతాయి: చదివించే డబ్బు ఎక్కడిది, చూపండి. కువైటులో ఇంటిపనివాళ్ళకు చాలాచోట్ల జీతం చేతికే ఇస్తారు, ఎక్స్ఛేంజి దుకాణంలో కట్టి ఇంటికి పంపుతారు. జీతం పత్రం ఉండదు. ఉండేవి ఆ దుకాణం ఇచ్చే రసీదులు, తల్లి పేరుతో, తేదీతో, దీనార్లలోనూ రూపాయల్లోనూ. వాటిని వరసగా దాచిన ఇళ్ళకు విద్యారుణం అర్జీలో ఆదాయం చూపడం తేలిక. చాలా ఇళ్ళల్లో అవి డబ్బు అందిందని ఫోన్లో చెప్పిన రోజే చెత్తలో పడ్డాయి. ఇప్పుడు ఉదయగిరి, ఆత్మకూరు ఇంటర్నెట్ సెంటర్లలో కొడుకులు కూర్చుని, అమ్మ పేరు మీద నెల నెలా జమ అయిన పద్దులను బ్యాంకు ఖాతాలోంచి ఏళ్ళ వెనక్కి వెతికి అచ్చు తీయించుకుంటున్నారు.