చిక్కడపల్లి గులాబీకి స్వాతి కార్తె

1956లో రాజధాని కర్నూలు నుండి హైదరాబాదునకు తరలిన పిమ్మట, కోస్తా రాయలసీమల నుండి వచ్చిన ఉద్యోగులు పెక్కుమంది చిక్కడపల్లి, అశోక్‌నగరములలోను, మాడపాటి హనుమంతరావుగారి బాలికోన్నత పాఠశాల నెలకొన్న నారాయణగూడలోను కాపురములు పెట్టగా, ప్రహరీగోడకును వరండాకును నడుమ మిగిలిన కొద్దిపాటి నేలలో, తులసికోటకు ఎడముగా, ఎండ తగులు చోట ఒక గులాబీ అంటు నాటుకొనుట ఆ యిండ్లకు వాడుకయ్యెను. నాటుట సులభమే, కోయుట నేర్వవలసిన విద్య.

ఐరోపాఖండమున పూర్వము పెరిగిన గులాబీలలో పెక్కు ఏటికొక్క పర్యాయమే పూచెడివి. 18వ శతాబ్ది చివర చైనా గులాబీలు అచ్చటికి చేరి, వానితో సంకరము జరిగి, 1867లో ఫ్రాన్సున ‘లా ఫ్రాన్స్’ అను గులాబీ వెలసిన పిమ్మట, లేచిగురుపైననే పదేపదే పూచు హైబ్రిడ్ టీ జాతి లోకమంతటను వ్యాపించెను. కొత్త కొమ్మ వచ్చిననే పూవు. పాత కొమ్మ కోసిననే కొత్త కొమ్మ.

ఇంగ్లండున శీతకాలమున మొక్క ఆకు రాల్చి నిద్రించును. చలి విరిగిన పిదప, ఫిబ్రవరి మార్చి మాసములలో అచ్చటివారు కత్తెర వేయుదురు. ఆ పద్ధతిని నమ్మి హైదరాబాదున మార్చిలో కొమ్మలు కోసినచో, లేచిగురు వడగాడ్పున మాడిపోవును. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైనున్న ఈ పీఠభూమిలో గులాబీకి చలినిద్ర లేదు. వానకాలమున పెరిగిన బలహీనపు రెమ్మలను, తెగులు సోకిన ఆకును మోయుచు అది అలసియుండును. ఋతువు ఈయని విశ్రాంతిని తోటమాలియే ఈయవలెను. ఇచ్చటి కత్తిరింపు పద్ధతి యంతయు ఈ యొక్క అవసరము నుండియే పుట్టినదని నా నిశ్చితాభిప్రాయము.

నైరుతి ఋతుపవనములు వెనుదిరిగి, చిత్త వానలు తెరపి యిచ్చి, స్వాతి ప్రవేశించు అక్టోబరు చివరి దినములు దానికి తగిన అదను. కోసిన 45, 50 దినములకు పూలు విరియును గనుక, అప్పుడు కత్తెర వేసిన మొక్క ధనుర్మాసమునకు నిండుగా పూచును. వారము ముందుగా నీరు తగ్గింతురు. ఎండిన కొమ్మలు, ఒకదానినొకటి ఒరయు కొమ్మలు తీసివేసి, అంటుకు దిగువ లేచిన పిలకలను పుట్టినచోటనే పెరికివేయవలెను. మిగిలిన నాలుగైదు బలమైన కొమ్మలను సగమునకు తగ్గించుచు, బయటివైపు చూచు కన్నుకు పావు అంగుళము పైన, ఏటవాలుగా కోయవలెను. కోసిన ముఖమును తేరిపార చూడుడు: నడుమనున్న బెండు గోధుమవన్నెకు తిరిగియున్నచో ఎండుతెగులు లోనికి దిగినదన్నమాట, తెల్లని బెండు కనబడువరకు ఇంకను దిగువకు కోయక తప్పదు. ఇచ్చట జాలిపడినవాడు మొక్కనే పోగొట్టుకొనును. ఆ గాయమునకు పేడ మెత్తుట పాత పద్ధతి. 1885 ప్రాంతమున ఫ్రాన్సు ద్రాక్షతోటల కొరకు వృక్షశాస్త్రజ్ఞుడు మిలార్డే ప్రచారమునకు తెచ్చిన మైలుతుత్తము, సున్నముల మిశ్రమము నుండి వచ్చిన బోర్డోపేస్టు తరువాత ఆ చోటికి వచ్చెను. పాదు గుల్లచేసి మాగిన పశువుల ఎరువును, వేపపిండిని వేయుదురు.

ఇప్పుడీ పేటలలో పాత యిండ్లు పెక్కు అపార్టుమెంట్లు కాగా, గులాబీ నేల విడిచి డాబా మీది కుండీలోనికి ఎక్కినది. అచ్చట వేరుకు చోటు కొద్ది, ఎండకు తీవ్రత హెచ్చు. మూడవ వంతుకు మించి కోయరాదు. కుండీ మట్టి మార్చవలసియున్నచో ఆ పనియు స్వాతిలోనే ముగించిన యెడల, వేసవి వచ్చులోపల కొత్త వేరు కుదురుకొనుటకు మూడు నాలుగు మాసముల వ్యవధి చిక్కును.