ఖరగ్‌పూర్ తెలుగు విద్యార్థి ఎంబీబీఎస్ సీటు: బెంగాల్ లెక్కా, ఆంధ్ర లెక్కా?

తాల్‌బగీచా అంటే బెంగాలీలో తాటితోట. ఈ పేట ఉన్న ఖరగ్‌పూర్, హౌరా నుంచి చెన్నై వెళ్లే ప్రధాన రైలు మార్గంలో పెద్ద జంక్షన్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి పనికోసం వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడే స్థిరపడ్డారు. మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఇప్పుడు నీట్ రాస్తున్నారు. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది. అయినా ఈ ఊళ్లో నీట్ రాసేవారికి తెలుగు ప్రశ్నపత్రం దొరకదు. అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం.

ర్యాంకు వచ్చాక ఇంట్లో మొదలయ్యే చర్చ సాధారణంగా కాలేజీల పేర్ల చుట్టూ తిరుగుతుంది. మేదినీపూరా, కోల్‌కతానా, విశాఖపట్నమా అని. నిజానికి అసలు ప్రశ్న అంతకు ముందుది. కాగితాల మీద ఈ విద్యార్థి ఏ రాష్ట్రంవాడు? చేతికి ఎన్ని సీట్లు వస్తాయన్నది ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటావి. వీటిని కేంద్రంలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) భర్తీ చేస్తుంది. ఎయిమ్స్, జిప్‌మర్, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లూ దాని చేతిలోనే ఉంటాయి. ఈ దారిలో స్థానికత అడ్డు రాదు. ఖరగ్‌పూర్ అమ్మాయికి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలోనైనా, భువనేశ్వర్ ఎయిమ్స్‌లోనైనా ర్యాంకును బట్టే సీటు వస్తుంది. మిగిలిన 85 శాతం రాష్ట్రాలది. చిక్కంతా అక్కడే.

ఆంధ్రప్రదేశ్‌లో స్థానికతకు మూలం 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారిని అది స్థానికులుగా గుర్తిస్తుంది. ఖరగ్‌పూర్ కుటుంబాలు చాలాసార్లు పొరబడేది ఇక్కడే. పదో తరగతి అయ్యాక పిల్లవాణ్ణి విజయవాడకో విశాఖకో పంపి, కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ రెండేళ్లు చదివిస్తే ఆంధ్రలో స్థానికుడవుతాడని అనుకుంటారు. అవడు. నాలుగేళ్ల లెక్కకు తొమ్మిదో తరగతి నుంచే అక్కడ చదివి ఉండాలి. ఆ రెండేళ్లు బాగా ఖర్చయ్యే కోచింగ్ మాత్రమే, స్థానికత కాదు. తెలంగాణ కూడా ఇలాంటి నాలుగేళ్ల నిబంధననే పెట్టుకుంది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

స్థానికత నిబంధనల్లోనే ఇంకో సన్నని దారి ఉంది. స్థానికులకు కేటాయించని 15 శాతం సీట్లకు, తల్లిదండ్రులు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే వారి పిల్లలూ పోటీ పడవచ్చు. రాష్ట్రం బయట ఉద్యోగం చేసిన కాలాన్ని ఆ పదేళ్లలో కలపరు. పలాసలో పుట్టి, అక్కడే డిగ్రీ దాకా చదివి, రైల్వే ఉద్యోగం వచ్చి ఖరగ్‌పూర్ చేరిన తండ్రి బిడ్డకు ఈ దారి పనికొస్తుంది. తాత కాలంలోనే వచ్చేసిన కుటుంబానికి పనికిరాదు. ఒకే వీధిలో, ఒకే యాసలో మాట్లాడుకునే రెండిళ్ల మధ్య తేడా ఇలా ఒక తహసీల్దార్ సంతకం దగ్గర తేలుతుంది. ఈ నిబంధన ఆ ఏటి ప్రవేశ ప్రకటనలో ఏ రూపంలో ఉందో చూసుకున్నాకే దాని మీద ఆశ పెట్టుకోవాలి.

ఇక పుట్టి పెరిగిన బెంగాల్. ఇక్కడ నివాస ధ్రువీకరణ స్థూలంగా రెండు రకాలుగా ఉంటుంది. విద్యార్థి పదేళ్లు ఎడతెగకుండా రాష్ట్రంలో ఉండటం ఒకటి, తల్లిదండ్రులకు రాష్ట్రంలో శాశ్వత నివాసం ఉండటం మరొకటి. ఇంటర్‌కు ఆంధ్ర వెళ్లిన పిల్లవాడి విషయంలో మొదటిదానికి గండి పడుతుంది, రెండోదాన్నే నమ్ముకోవాలి. తాల్‌బగీచాలో సొంత ఇల్లు కట్టుకున్నవారికి అది పెద్ద కష్టం కాకపోవచ్చు. రైల్వే క్వార్టర్స్‌లో ఉంటూ సర్వీసు రికార్డులో శాశ్వత చిరునామాగా శ్రీకాకుళం జిల్లా ఊరిని రాయించుకున్న ఉద్యోగి మాత్రం ఇబ్బంది పడతాడు. ఆంధ్రలో పరాయి, బెంగాల్‌లో అనుమానితం అయ్యే పరిస్థితి అదే. దీన్ని సరిచేసుకోవాల్సింది పదో తరగతిలో. నీట్ ఫలితాల తర్వాత చేతిలో ఉండేది కొద్ది వారాలే.

రిజర్వేషన్ సంగతి ఇంకా కఠినం. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరిన విద్యార్థి అక్కడి వైద్య కళాశాలల్లో ఎస్టీ కోటా కింద సీటు కోరాడు. అదే మర్రి చంద్రశేఖరరావు కేసు. సొంత రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చేనాటికి కుటుంబ శాశ్వత నివాసం ఎక్కడన్నది ఇందులో కీలకం. అప్పటికే ఖరగ్‌పూర్‌లో స్థిరపడినవారి కులం బెంగాల్ జాబితాలో ఉందో లేదో చూడాలి. తర్వాత వచ్చినవారికి ఆంధ్ర పత్రం ఆలిండియా కోటాలో పనికొస్తుంది గాని బెంగాల్ 85 శాతంలో చెల్లదు. అందుకే కొన్ని ఇళ్లలో ఆలిండియా కోటాలో సీటు వచ్చిన ర్యాంకుకే సొంత రాష్ట్ర జాబితాలో రాదు. మొదట వినడానికి వింతగా ఉన్నా, లెక్క అదే.

ఇవన్నీ దాటి చేతిలో రెండు సీట్లు పడ్డాయనుకుందాం. ఒకటి మేదినీపూర్ మెడికల్ కాలేజీలో, మరొకటి ఆలిండియా కోటాలో విశాఖలో. మేదినీపూర్ కంసావతి నదికి అవతల, ఇంటి నుంచి రోజూ వెళ్లి వచ్చేంత దగ్గర. అక్కడ కాలేజీ 2004లో మొదలైంది. విశాఖ కాలేజీది 1923 నాటి చరిత్ర, దాని బోధనాసుపత్రి కింగ్ జార్జ్. ఉత్తరాంధ్రతో పాటు ఒడిశా సరిహద్దు నుంచీ రోగులు వచ్చే చోటు. వైద్య విద్యలో పేరుకన్నా వార్డులో కనిపించే రోగుల సంఖ్యే ఎక్కువ నేర్పుతుంది. కొత్త కాలేజీల విషయంలో ముందుగా అడగాల్సింది భవనం గురించి కాదు, ఆసుపత్రి ఓపీ గురించి.

భాషను చాలామంది చిన్న విషయంగా తీసేస్తారు. ఖరగ్‌పూర్ పిల్లలు బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ మాట్లాడుతూ పెరుగుతారు. మేదినీపూర్ జిల్లా పల్లె నుంచి వచ్చిన రోగి కడుపునొప్పిని ఎలా చెబుతాడో వారికి ముందే తెలుసు. విశాఖలోనూ వారికి భాష అడ్డం కాదు. ఈ సౌకర్యం వరంగల్‌ నుంచి కోల్‌కతా వెళ్లే విద్యార్థికి ఉండదు.

పీజీ ఆలోచన ఉన్నవారు ఇంకొకటి గమనించాలి. పీజీ వైద్య సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, చదివిన సంస్థను బట్టి కొంత ప్రాధాన్యం ఇవ్వడాన్ని అనుమతించింది. అంటే రేపు రాష్ట్ర కోటా పీజీలో పుట్టిన ఊరికన్నా ఎంబీబీఎస్ చేసిన కాలేజీకే బరువెక్కువ. విశాఖకు వెళ్లే నిర్ణయం అయిదున్నరేళ్లతో ఆగేది కాదు.

ఫీజుల తేడా ప్రభుత్వ కాలేజీల మధ్య పెద్దగా లెక్కలోకి రాదు. డీమ్డ్ వర్సిటీలు వేరు, వాటిలో చాలాచోట్ల ఏడాదికే 20 లక్షలు దాటుతుంది. బాండ్ షరతులు, హౌస్‌సర్జన్ స్టైపెండ్ రాష్ట్రానికో తీరు కనుక చేరే ముందే చదువుకోవాలి. కోల్‌కతాలో 2024 ఆగస్టు నాటి ఆర్‌జీ కర్ ఘటన తర్వాత, ఆడపిల్లల తల్లిదండ్రులు రాత్రి డ్యూటీ గదులు, హాస్టల్ దూరం గురించి అడగడం అతి కాదు. ఏ ఊరి కాలేజీ అయినా సరే అడగాల్సిందే.

చివరికి తేదీలు. ఎంసీసీ మొదటి రౌండ్‌లో వచ్చిన సీటును నష్టం లేకుండా వదులుకోవచ్చు. రెండో రౌండ్‌లో వచ్చిన సీటులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. ఆలిండియా కోటాలో అది జనరల్ వారికి 10,000 రూపాయలు, డీమ్డ్ వర్సిటీలకు 2 లక్షలు. మూడో రౌండ్‌లో చేరాక బయటికి రాలేరు. స్ట్రే రౌండ్‌లో సీటు వచ్చి చేరకపోతే మరుసటి ఏడాది నీట్‌కే అనర్హులవుతారు. రాష్ట్ర రౌండ్లు వీటి మధ్యలో నడుస్తాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక కాలేజీలో ఇరుక్కుంటే, గడువులోగా అక్కడ రాజీనామా ఇచ్చి వాటిని తీసుకుంటేనే రెండో చోట చేరగలరు. విశాఖ నుంచి ఖరగ్‌పూర్‌కు రైల్లో ఒక రాత్రి పడుతుంది. గడువు లెక్కలో ఆ రాత్రినీ కలుపుకోవాలి.