గాజులోని లోహ నానోకణాలపై భార అయానుల ప్రభావం

గాజులో పొదిగిన బంగారం, వెండి వంటి లోహాల నానోకణాలపై అధికశక్తి గల భార అయానుల పుంజాన్ని ప్రసరింపజేసినప్పుడు, గుండ్రని కణాలు పుంజం దిశలో సాగి కడ్డీల ఆకారం పొందుతాయి. సిలికాలోని కోబాల్టు కణాలలో ఈ మార్పును 2003లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ప్రకటించారు.

విచిత్రమేమనగా, గాజు ఒక్కటే ఉన్నప్పుడు ఇందుకు విరుద్ధంగా పుంజం దిశలో కుంచించుకొని, లంబదిశలో వ్యాకోచిస్తుంది. గాజు తొడుగు లేని బంగారు కణాలు అసలు సాగవు. కనుక ఈ మార్పులో గాజు పాత్ర కీలకం.

అయాను తన శక్తిని మొదట ఎలక్ట్రానులకు ఇస్తుంది. వాటి నుండి పరమాణువులకు వేడి చేరి, అయాను మార్గం వెంబడి సుమారు 10 నానోమీటర్ల వ్యాసం గల సన్నని స్తంభం అత్యల్పకాలం కరుగుతుంది. కరిగిన లోహం అందులోకి చొచ్చుకొనిపోతుందని ఒక వివరణ. దీనిపై ఏకాభిప్రాయం లేదు. మరీ చిన్న కణాలు గాజులో కలిసిపోతాయి, మరీ పెద్దవి దాదాపుగా మారవు.

ఆకారంతోపాటు రంగు కూడా మారుతుంది. గుండ్రని బంగారు కణాలు 520 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని శోషించి గాజుకు ఎర్రదనం ఇస్తాయి. సాగిన కణాలలో ఈ శోషణ రెండుగా చీలుతుంది: పొడవు వెంబడి కంపించే ధ్రువిత కాంతికి ఎరుపు వైపుకు, అడ్డంగా కంపించే దానికి నీలం వైపుకు జరుగుతుంది.

భారతదేశంలో ఇటువంటి ప్రయోగాలు న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో గల పెల్లెట్రాన్ యంత్రంపై జరిగాయి.